బొబ్బిలి ఎన్నిక



గవర్నరు అను మాట మన పల్లె పెద్దలందరికిని తెలిసినదే. ఆ మాట వినగానే మనకు తోచునది, పైనుండి నియమింపబడి వచ్చిన గొప్ప అధికారి. ఇంగ్లీషు దొరతనము కాలమున ఆయన ఓడ యెక్కి చెన్నపట్టణమునకు వచ్చెడివాడు, కొన్ని యేండ్లు పాలించి మరల ఓడ యెక్కి పోయెడివాడు. స్వరాజ్యము వచ్చిన తరువాతను గవర్నరులను రాష్ట్రపతియే నియమించుచున్నారు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో గవర్నరు అనగా వేరు. అక్కడ ఒక్కొక్క రాష్ట్రపు గవర్నరును ఆ రాష్ట్రపు ప్రజలే వోట్లు వేసి యెన్నుకొందురు. మన యెడ ముఖ్యమంత్రి చేయు పని అక్కడ గవర్నరు చేయును.

మన తాతల కాలమున ఇట్టి ఎన్నిక మనకు లేదు. గవర్నరు కావలెనని ఏ తెలుగువాడును ఏ తెలుగువాని యింటికిని వచ్చి వోటడిగి యెరుగడు. అయినను ప్రభుత్వమునకు ముఖ్యుడు ఎవడుగా ఉండవలెనను ప్రశ్న ఒకసారి మన విశాఖపట్టణము జిల్లా రైతుల వాకిటికే వచ్చి నిలిచినది. అది 1937వ సంవత్సరము ఫిబ్రవరి మాసము. ఆనాడు చెన్నరాజధానిని పాలించుచుండిన ప్రధానమంత్రి, తన తాతముత్తాతలు ఏలిన బొబ్బిలి గడ్డమీద, తన జిల్లా వోటర్ల చేతనే ఓడింపబడెను. ఆ కథ నేడు మీకు చెప్పబూనితిని. బొబ్బిలి అప్పుడు విశాఖపట్టణము జిల్లాలోనిది; 1950లో శ్రీకాకుళము జిల్లాలోనికి, 1979లో విజయనగరము జిల్లాలోనికి చేరినది.

ముందుగా అమెరికానుండి ఒక్క ఉదాహరణము చెప్పెదను. ఎన్నిక గొప్పదా కాదా అని తెలిసికొనుటకు గెలిచినవాని పేరు చాలదు. వోటు ఎవరికి కలదో, ఓడినవాడు ఏమి చేసెనో చూడవలెను. దీనికి ఆ ఉదాహరణము మంచి గీటురాయి.

అమెరికాలో రోడ్ ఐలండు అను చిన్న రాష్ట్రము కలదు. 1663లో ఇంగ్లండు రాజు వ్రాసియిచ్చిన పట్టాయే, స్వాతంత్ర్యము వచ్చి అర్ధశతాబ్దము దాటినను, ఆ రాష్ట్రమునకు రాజ్యాంగముగా నిలిచియుండెను. దాని ప్రకారము 134 డాలర్ల విలువగల భూమి యున్నవారికిని, వారి పెద్దకొడుకులకును మాత్రమే వోటు. పట్టణములలో నూలుమిల్లులు లేచెను. వేలకొలది జనులు భూమి లేక కూలికి పనిచేయువారైరి. వారు పన్ను కట్టుదురు, సైన్యములో చేరుదురు, కాని గవర్నరును ఎన్నుకొనజాలరు. థామస్ డార్ అను న్యాయవాది వారి పక్షమున నిలిచెను. ఆయన ధనికుడైన వర్తకుని కుమారుడు. 1841లో ఆయన పక్షమువారు తమంతట తామే ఒక రాజ్యాంగమును వ్రాసికొనిరి. 1842 ఏప్రిల్‌లో ఆ రాష్ట్రమున రెండు ఎన్నికలు జరిగినవి. క్రొత్త రాజ్యాంగము ప్రకారము డార్ గవర్నరయ్యెను. పాత పట్టా ప్రకారము సామ్యుయెల్ కింగ్ గవర్నరయ్యెను. ఒకే రాష్ట్రమునకు ఇద్దరు గవర్నరులు! మే 18వ తేదీన డార్ అనుచరులు ప్రావిడెన్సు నగరములోని ఆయుధశాలను పట్టుకొనబోయిరి. వారి ఫిరంగి పేలలేదు, అనుచరులు చెదరిపోయిరి. రెండేండ్లకు డార్‌కు రాజద్రోహ నేరమునకై యావజ్జీవ కఠినశిక్ష పడినది. 1845లో ఆయనను విడిచిపెట్టిరి. కాని అప్పటికే ఆయన అడిగినదానిలో కొంత చట్టమైనది. 1843లో అమలునకు వచ్చిన రాజ్యాంగము ఆ దేశమున పుట్టిన పురుషులకు, భూమి లేకున్నను, వోటు నిచ్చినది. విదేశములనుండి వచ్చినవారికి భూమి నిబంధన ఇంకను చాలకాలము నిలిచినది. స్త్రీలకు అసలే లేదు.

దీనినిబట్టి నాకు తోచునది ఒకటి. వోటు కొద్దిమందికే యున్నప్పుడు, వోటు లేనివాడు ఎన్నికను తనదిగా ఎంచడు. వోటు విస్తరించినప్పుడే ఓడినవాడును, గెలిచినవాడును ఒకే లెక్కకు తలవంచుదురు. ఈ గీటురాయిని చేతబట్టుకొని మన బొబ్బిలికి వత్తము.

బొబ్బిలి పేరు చెప్పగనే తెలుగువానికి జ్ఞాపకము వచ్చునది ఎన్నిక కాదు, యుద్ధము. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగర ప్రభువు పూసపాటి పెదవిజయరామరాజును బొబ్బిలి కోటను ముట్టడించిరి. రాజా గోపాలకృష్ణ రంగారావు తన వారితో కూడ పోరి మడిసెను. కోటలోని స్త్రీలును బిడ్డలును శత్రువుల చేత చిక్కకుండ కత్తులకును మంటలకును బలియైరి. కొలది దినములకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు డేరాలో చొరబడి ఆయనను చంపెను. ఒక చిన్న పరగణాలో ఎవరి మాట చెల్లవలెనను ప్రశ్నకు ఆనాడు దొరకిన సమాధానము ఇది: కాలిన కోట, మండిన పగ. రైతు ఆ పోరులో పంట పోగొట్టుకొన్నవాడే గాని, ఎవరు ఏలవలెనని అతనిని అడిగినవారు లేరు.

ఆ వంశములో మిగిలిన బాలుని సంతతి మరల బొబ్బిలికి ప్రభువులైరి. 1802లో కుంఫిణీవారు శాశ్వత పైసలా చేసి, జమీందారులు సర్కారునకు చెల్లింపవలసిన పేష్కషు నిర్ణయించిరి. నాటినుండి కత్తికి పని తగ్గినది, కాగితమునకు పని పెరిగినది. జమీందారునకు సర్కారుతో పేష్కషు లెక్క, రైతునకు జమీందారుతో శిస్తు లెక్క. 1908వ సంవత్సరపు ఎస్టేట్ల భూమి చట్టము రైతునకు కొంత రక్షణ నిచ్చినది. అయినను చెరువు బాగుచేయుట, బంజరు, అడవి, పచ్చిక, వీనియందు ఠాణా మాటయే చెల్లుచుండెడిది.

మన కథలోని రాజాగారు ఆ వంశములో జనించిన రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు బహద్దరుగారు. 1901లో పుట్టిరి. చదువు, క్రమశిక్షణ, రాజకీయ చతురత గలవారు. జస్టిసు పార్టీలో చేరి, 1932 నవంబరులో, 31 సంవత్సరముల వయసున చెన్నరాజధానికి ముఖ్యమంత్రియైరి. 1936 వేసవిలో కొన్ని మాసములు పి. టి. రాజన్‌గారు ఆ పదవినందుండగా, ఆగస్టులో రాజాగారు మరల వచ్చి, 1937 ఏప్రిల్ ఆరంభము వరకు పాలించిరి. ఆయన పాలనలో మంచి లేకపోలేదు. 1936లో ఎస్టేట్ల భూమి చట్టమును సవరించి, ఇనాము గ్రామముల రైతులనేకులకు జిరాయితీ హక్కు కలుగజేసిరి. తాను జమీందారుడై యుండియు రైతునకు హక్కు నిచ్చు చట్టమును నడిపించుట ఆయనకు గౌరవము తెచ్చు విషయమే. దీనిని మరచి ఆయన కథ చెప్పుట న్యాయము కాదు.

కాని కాలము ఆయనకు అనుకూలముగా లేదు. 1929 తరువాత లోకమంతట వ్యాపార మాంద్యము ఆవరించినది. ధాన్యపు ధర ఇంచుమించు సగమునకు పడినది. ధర పడినను శిస్తు పడలేదు, అప్పు తరుగలేదు. రెండు పుట్లమ్మి కట్టిన కిస్తునకు నాలుగు పుట్లమ్మవలసి వచ్చినది. అట్టి సమయమున మంత్రుల జీతము నెలకు 4,000 రూపాయలకు పైబడియుండెను. తగ్గించుకొనుడని ఎందరు చెప్పినను మంత్రులు తగినంతగా తగ్గింపలేదు. పల్లెలో ఒక కుటుంబము జీవితకాలమున చూడని సొమ్ము నెలజీతమని విన్న రైతు ఏమనుకొని యుండునో మీరే యూహింపవచ్చును. జస్టిసు పార్టీ బ్రాహ్మణేతరుల చదువునకు, ఉద్యోగములకు తలుపులు తెరచినదే. కాని 1930 నాటికి దాని సభలలో జమీందారుల తలపాగలు ఎక్కువై, దాని చెవికి పల్లెకూత దూరమైనదని దాని మిత్రులే వాపోయిరి.

ఇక రెండవ అభ్యర్థి. వరాహగిరి వెంకటగిరిగారు 1894లో బరంపురమున జన్మించిరి. ఆ ఊరు అప్పుడు చెన్నరాజధానిలోని గంజాము జిల్లాలోనిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు అందు చేరినది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుగల వకీలు. గిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండులోని డబ్లిను నగరమునకు పోయిరి. అక్కడివారును మనవలెనే ఇంగ్లీషు దొరతనముతో పోరాడుచుండిరి. ఆ గాలి ఈయనకు సోకినది. 1916లో తిరిగివచ్చి, రైలు కూలీల సంఘములను కట్టుటలో జీవితమును ధారపోసిరి. 1928లో బెంగాలు నాగపూరు రైల్వేలో పని పోగొట్టుకొన్నవారి పక్షమున జరిగిన సమ్మెకు ఆయనయే నాయకుడు.

విశాఖవారికి ఆ రైల్వే పేరు క్రొత్త కాదు. మన రేవును నిర్మించినది ఆ రైల్వేవారే. 1933 అక్టోబరులో జలదుర్గ అను ఓడ ఈ రేవున ప్రవేశించినది, డిసెంబరులో రాజప్రతినిధి విల్లింగ్డను ప్రభువు రేవును లాంఛనముగా తెరచెను. మధ్యపరగణాల మాంగనీసు రాయి ఈ రేవునకు చేరుటకై వేసిన రాయపూరు మార్గము 1931లో పూర్తియైనది. ఆ పట్టాలు బొబ్బిలి మీదుగనే పోవును. కోట గోడల ప్రక్కనే రైలుకూత వినబడు కాలము వచ్చినదన్నమాట. రేవులో తట్టమోసిన కూలివాడు, రైలులో బొగ్గువేసిన వాడు, సెలవునకు తన పల్లెకు పోయినప్పుడు క్రొత్తమాటలు మోసికొని పోవుట సహజము.

ఇప్పుడు ఎన్నిక సంగతి. 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టము ప్రకారము చెన్నరాజధానికి రెండు సభలు ఏర్పడినవి. క్రింది సభలో 215 స్థానములు. సభలో ఎక్కువమంది ఏ పక్షమువారైన, ఆ పక్షపు నాయకుని గవర్నరు పిలిచి మంత్రివర్గమును ఏర్పాటు చేయుమనును. ఆ నాయకుని ప్రధానమంత్రి యనిరి. అమెరికావలె ప్రజలు ఆయనను నేరుగా ఎన్నుకొనరు. ముందు ఆయన ఒక నియోజకవర్గమున సామాన్యుడైన అభ్యర్థివలె నిలిచి గెలువవలెను. కనుకనే ప్రధానమంత్రి రాజాగారును బొబ్బిలిలో వోటడుగవలసి వచ్చినది. ఆయన మీద పోటీకి కాంగ్రెసువారు గిరిగారిని నిలిపిరి. శాసనసభలో కార్మికులకు ప్రత్యేక స్థానములు కొన్ని యుండెను. కార్మిక నాయకుడైన గిరిగారు వానిలో ఒకదానికి నిలిచియుండిన పని సులువై యుండెడిది. అట్లు గాక ప్రభువు కోట ముంగిటనే నిలుచుట పెద్ద సాహసము.

వోటు ఎవరికి? శిస్తు గాని, పన్ను గాని ఇంతయని కట్టువారికి, చదువను వ్రాయను వచ్చినవారికి, పింఛను పుచ్చుకొన్న సిపాయిలకు. స్త్రీలలో చదువుకొన్నవారికిని, భర్త యాస్తినిబట్టి అర్హత గలవారికిని కొందరికి దొరకినది. బ్రిటిషు ఇండియా మొత్తమున సుమారు 3 కోట్ల మందికి వోటు కలిగినది. 1919 నాటి చట్టముకంటె ఇది ఎన్నియో రెట్లు ఎక్కువ. అయినను పొలములో చెమటోడ్చు కూలికిని, పాలేరునకును లేదు. ఇక్కడనే ఒక విచిత్రమును గమనింపుడు. జమీందారునకు శిస్తు కట్టినందువలననే రైతునకు వోటు వచ్చినది. ఏ రసీదు అతడు ఠాణాకు లోబడినవాడని చూపుచుండెనో, ఆ రసీదే అతనిని ప్రభువు యొక్క భవిష్యత్తును తీర్పు చెప్పు పంచాయతిదారుగా చేసినది.

మరి భయము మాట? జమీందారు ఊరిలో నుండి, ఆయనకు వ్యతిరేకముగా వోటు వేయుట ఎట్లు? దీనికి ఆనాటి ఏర్పాటు చక్కనిది. మన రాజధానిలో చదువురాని వోటర్ల కొరకు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క రంగు పెట్టె యుంచిరి. వోటరు తన చీటిని తీసికొని, తెర చాటునకు పోయి, తనకు నచ్చిన రంగు పెట్టెలో వేయవలెను. కాంగ్రెసువారి పెట్టె పసుపుపచ్చనిది. గాంధీగారి పేరును, పచ్చపెట్టె పేరును కలిపి వారు ఊరూర చాటిరి. అక్షరము రాకున్నను పసుపు రంగు తెలియని తెలుగింటి వారుందురా? గడపకు పూసినది, పెండ్లికి పూసినది, పండుగకు పూసినది ఆ రంగే కదా.

తెర యొక్క మహిమ ఇంతింతనరాదు. ఒకడు ఎవరి బండి యెక్కి వచ్చినను, ఎవరి పందిటిలో భోజనము చేసినను, ఎవరికి దండము పెట్టినను, తెర వెనుక అతడొక్కడే, అతని మనసొక్కటే. అక్కడ కరణము లేడు, మునసబు లేడు, ఠాణేదారు లేడు. 1757లో కోటగోడకు ఉన్న బలము 1937లో ఒక గుడ్డతెరకు వచ్చినది. కోటగోడ ప్రభువును రైతునుండి కాచినది. ఈ తెర రైతును ప్రభువునుండి కాచినది.

పెట్టెలు విప్పి లెక్కింపగా బొబ్బిలిలో గిరిగారు గెలిచిరి, రాజాగారు ఓడిరి. రాజధాని మొత్తముమీద 215 స్థానములలో కాంగ్రెసునకు 159 వచ్చినవి. 1920నుండి మధ్యమధ్య విరామముతో ఏలుచుండిన జస్టిసు పార్టీ ఒక్క పెట్టున కూలినది. దేశమున ఎన్నియో చోట్ల జమీందారులు ఓడిరి. కాని అధికారమునందున్న ప్రధానమంత్రి, పైగా సంస్థానాధీశుడు, తన పేరుగల ఊరిలో ఒక కూలీల నాయకుని చేతిలో ఓడుట చూచి దేశమంతయు ఆశ్చర్యపడినది.

నాకు దానికంటె ఆశ్చర్యము కలిగించునది మరియొకటి. ఓడిన రాజాగారు ఏమి చేసిరి? కోట తలుపులు మూసిరా? కత్తులు దూయించిరా? లేదు. పదవినుండి తొలగిరి. రోడ్ ఐలండులో ఆయుధశాల వరకు పోయిన తగవు, పూర్వము అదే బొబ్బిలిలో కోట కాల్చిన తగవు, ఈసారి చీటీల లెక్కతో ముగిసినది. గెలిచినవారి డేరాలోనికి కత్తితో పోయినవాడు లేడు. ఓటమిని ఒప్పుకొనుట వీరత్వము కాదని మన కథలు చెప్పినను, ప్రజాపాలనలో అది వీరత్వమే. ఆ గౌరవములో సగము రాజాగారిది.

ప్రజలు తీర్పు చెప్పినంత మాత్రమున పని తీరినదా? ఇక్కడ మరల గవర్నరు మాట వచ్చును. అమెరికాలో ప్రజలు గెలిపించినవాడే గవర్నరు. మన చట్టములో గవర్నరు ఎర్‌స్కిను ప్రభువు ఇంగ్లండునుండి వచ్చినవాడు. మంత్రుల మాట త్రోసిపుచ్చుటకు ఆయనకు ప్రత్యేకాధికారములుండెను. ఆ అధికారములను ప్రయోగింపనని హామీ యిచ్చిననే పదవి స్వీకరింతుమని కాంగ్రెసువారు పట్టుపట్టిరి. అందుచేత 1937 ఏప్రిల్ 1వ తేదీనుండి జులై 14వ తేదీవరకు, గెలిచినవారు బయటను, కూర్మా వేంకటరెడ్డినాయుడుగారి తాత్కాలిక మంత్రివర్గము లోపలను ఉండవలసి వచ్చినది. ఆ నాయుడుగారు 1936లో కొన్ని మాసములు తాత్కాలిక గవర్నరుగా నుండిన తెలుగువారు. ఆ పదవియు ఆయనకు ప్రజలిచ్చినది కాదు, దొరతనమిచ్చినది. చివరకు రాజప్రతినిధి లిన్లిత్‌గో ప్రభువు కొంత సమాధానము చెప్పగా, జులై 14న రాజగోపాలాచారిగారు ప్రధానమంత్రియైరి. ప్రకాశము పంతులుగారు రెవెన్యూ మంత్రి, గిరిగారు పరిశ్రమలకు, కార్మికులకు మంత్రి, బెజవాడ గోపాలరెడ్డిగారు స్థానిక పరిపాలన మంత్రియునైరి. మంత్రుల జీతము నెలకు 500 రూపాయలని నిర్ణయించుకొనిరి. 4,000 దాటిన జీతమునుండి 500లకు దిగుట, ఎన్నికలో పల్లెరైతు వ్రాసిన తీర్పునకు మొదటి ఫలము.

రెండవ ఫలము భూమి సంగతి. ప్రకాశము పంతులుగారి అధ్యక్షతను జమీందారీ విచారణ సంఘము నొకదానిని నియమించిరి. అది 1938లో తన నివేదికను సమర్పించినది. భూమికి యజమాని రైతే, జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమేయని తీర్మానించినది. అదే సంవత్సరమున రైతుల అప్పులను తగ్గించు చట్టమును వచ్చినది. కాని జమీందారీ సమస్య చట్టముగా తేలకముందే యుద్ధము వచ్చి, 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా యిచ్చినది. జమీందారీలను రద్దుచేసిన చట్టము 1948లో గాని రాలేదు. అనగా పచ్చపెట్టెలో చీటి వేసిన రైతు పదునొకండేండ్లు కాచుకొనవలసి వచ్చినది. ఎన్నిక విత్తనము వంటిది. వేసిన మరునాడే కోతకు కొడవలి పట్టుకొని పోరాదు. అట్లని విత్తకుండనే యున్న ఎన్నేండ్లు కాచినను పంట రాదు.

ఇంతవరకు గెలుపును పొగడితిని. ఇక గీటురాయిని సరిగా పట్టవలెను. బొబ్బిలి ఎన్నికలో జమీందారును రైతు ఓడించెను; నిజమే. కాని ఆ రైతు పొలములో నాట్లు వేసిన కూలి స్త్రీ ఎవరికి వోటు వేసినది? ఎవరికిని లేదు. ఆ రైతు ఎడ్లను మేపిన పాలేరు? అతనికిని లేదు. రోడ్ ఐలండు మిల్లు కూలివాని స్థితిలోనే వారుండిరి. ప్రభువు ముందు తలయెత్తిన రైతు, తన కూలివాడు తన ముందు తలయెత్తుటకు సిద్ధముగా నుండెనా? ఈ ప్రశ్న ఆనాటి సభలలో ఎక్కువగా వినబడలేదు. న్యాయము మెట్లు దిగి వచ్చును. పై మెట్టు మీది వాడు తనకు దొరకగానే తలుపు మూయజూచును. రోడ్ ఐలండులోను దేశమున పుట్టినవానికి దొరకినది, వలస వచ్చినవానికి దొరకలేదని చెప్పితిని గదా.

మన దేశము ఆ మెట్లన్నిటిని ఒక్క అంగలో దాటినది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, భూమి, శిస్తు, చదువు, కులము, స్త్రీ పురుష భేదము విచారింపక, 21 సంవత్సరములు నిండిన ప్రతివారికిని వోటు నిచ్చినది. 1951, 52 సంవత్సరములలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో కూలియు, పాలేరును, ప్రభువును ఒకే వరుసలో నిలిచిరి. అప్పుడును ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టెయే. రంగునకు బదులు గుర్తు అంటించిరి. తరువాత 1989నుండి 18 ఏండ్లవారికే ఆ హక్కు వచ్చినది.

ఇందులో మీరు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆ రాజ్యాంగమును వ్రాయుటకు ఏర్పడిన సభలో బొబ్బిలి రాజాగారును సభ్యులే. కొందరికే వోటున్న ఎన్నికలో ఓడినవారు, అందరికిని వోటిచ్చిన సభలో కూర్చుండిరి. గెలిచిన గిరిగారో, 1969లో భారతదేశపు రాష్ట్రపతియైరి. ఆ ఎన్నికలోను ఆయన ఏ పెద్ద పార్టీ అభ్యర్థియు గాక, స్వతంత్రుడుగా నిలిచి, మరియొక తెలుగు పెద్దయైన నీలం సంజీవరెడ్డిగారి మీద గెలిచిరి. ఒక ఎన్నికలో ఓడుట జీవితము ముగియుట కాదనియు, గెలుచుట పని ముగియుట కాదనియు ఈ యిద్దరి చరిత్రలును మనకు చెప్పుచున్నవి.

గ్రామములలో పెద్దలు మీరు. మీ మాటకు ఊరిలో విలువ కలదు. ఆ విలువను ఎట్లు ఉపయోగింపవలెనను విషయమున బొబ్బిలి ఎన్నిక నాకు మూడు పాఠములు నేర్పినది. ఒకటి, తెరను కాపాడవలెను. ఊరు ఊరంతయు ఫలానివానికే వేయవలెనని కట్టడి చేయు పెద్దలు, తాము తెలియకనే, ఆ గుడ్డతెరను చింపినవారగుదురు. సలహా చెప్పవచ్చును, ఆన పెట్టరాదు. రెండు, ఎవరి రసీదు మన చేతిలో నున్నను, ఎవరి ఉప్పు మనము తిన్నను, వోటు అప్పు తీర్చు సొమ్ము కాదు. బొబ్బిలి రైతు రాజాగారి మీద ద్వేషముతో వోటు వేసెనని నేననుకొనను. తన బిడ్డల బ్రతుకు తలచుకొని వేసెనని అనుకొందును. మూడు, ఓడినవానిని అవమానింపరాదు. అతడు తలవంచి ఇంటికి పోయిననే గెలుపు గెలుపగును. పంచాయతి ఎన్నికలో ఓడినవాని పొలమునకు నీరు ఆపిన ఊరు, ఎన్ని పెట్టెలు విప్పి లెక్కించినను, ఇంకను 1757లోనే యున్నదని తెలిసికొనుడు.

చరిత్రలో బొబ్బిలి పేరు కాలిన కోటతో నిలిచినది. ఆ వీరగాథను పాడుట మానుమని నేను చెప్పను. కాని దాని ప్రక్కన ఈ రెండవ కథను గూడ మీ మనుమలకు చెప్పుడు. మొదటి కథలో ప్రజలు చచ్చిరి, ప్రభువులు నిర్ణయించిరి. రెండవ కథలో ప్రజలు నిర్ణయించిరి, ఎవరును చావలేదు.

సెలవు.